ఇల్లరికం వచ్చిన గడియారం

మచ్చలావిడ ముఖం మీద ఒక్క మచ్చ కూడా లేదు. ఆ పేరు ఆమె దగ్గర సరుకు కొన్నవాళ్లు పెట్టింది. పాత వస్తువుల్ని ఆన్‌లైన్ వేలంలో అమ్మేవాళ్లందరూ వాటిని ఆకాశానికెత్తుతూ మొదలుపెడతారు. అరుదైనది, అపురూపమైనది, ఇప్పుడు వదిలితే ఈ జన్మకు దొరకదు అంటారు. ఈవిడ దారి వేరు. ఒక పింగాణీ కూజాను అమ్మకానికి పెడుతూ ఇలా రాసింది: "పిడి దగ్గర వెంట్రుకవాసి పగులు ఉంది. అడుగున ఎవరో ఇనుప పీచుతో తోమిన గీతలున్నాయి. మూతి దగ్గర బఠాణీ గింజంత పెచ్చు లేచింది. మూత దీనిదే గాని సరిగ్గా కూర్చోదు." అది చదివినవాళ్లకు కూజాను కొనాలా, పరామర్శించి రావాలా అన్న అనుమానం వస్తుంది. అయినా ఒకాయన కొన్నాడు. పార్సిల్ విప్పుకుని, "మీరు చెప్పినంత అధ్వానంగా ఏమీ లేదండీ" అని సంబరంగా జవాబు కూడా రాశాడు.

ఇదేదో ఆమె కనిపెట్టిన వ్యాపార చిట్కా అనుకునేరు. కాదు, అది ఆమె పాత ఉద్యోగం. ఇరవై రెండేళ్లపాటు ఆమె ఒక పింగాణీ ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర కూర్చుంది. కొలిమిలోంచి వచ్చిన కప్పులు, సాసర్లు వరసగా ఆమె ముందుకు వచ్చేవి. ఒక్కొక్కటీ ఎత్తి, దీపం కింద తిప్పి చూసి, అంచు మీద గోటితో మీటేది. మంచి కప్పు ఖంగుమంటుంది. కంటికి కనపడని బీట ఉన్నది దగ్గుతుంది. తప్పు దొరికిన చోట నల్ల పెన్సిలుతో చిన్న సున్నా చుట్టడం ఆమె పని. ఆ సున్నాలు చుట్టీ చుట్టీ, ఇంటికొచ్చాక కూడా ఆమె కళ్లు ఊరుకునేవి కావు. మొగుడి కుట్టులో ఒక పోగు తప్పినా పట్టేసేది. ఆయన దర్జీ. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి కాబట్టి చాలాసార్లు జవాబు చెప్పలేకపోయేవాడు. తమ కాపురం ఇంత సాఫీగా సాగడానికి ఆ సూదులే కారణమని ఆయన స్నేహితుల దగ్గర చెప్పుకునేవాడు.

ఫ్యాక్టరీ మూతపడిన రోజున యాజమాన్యం తలా ఒక టీ సెట్టు చేతిలో పెట్టి పంపించింది. ఆమెకు వచ్చిన సెట్టులో మూడు కప్పుల మీద నల్ల సున్నాలున్నాయి. అవి ఆమె చుట్టినవే. వారం రోజులు ఆ సెట్టు వంక కొరకొరా చూసి, ఎనిమిదో రోజున ఫోనుతో ఫొటోలు తీసి, మూడు కప్పుల తప్పులూ పూసగుచ్చినట్టు రాసి, వేలంలో పెట్టింది. నలుగురు పోటీపడ్డారు. ఫ్యాక్టరీ మూతపడింది కదా, నిన్నటిదాకా అంగట్లో దొరికిన సరుకు అప్పుడే పాత సరుకైపోయింది. ఆమె వ్యాపారం అలా మొదలైంది.

అదంతా తొమ్మిదేళ్ల కిందటి మాట. ఇప్పుడు ఇంటి ముందుగది మొగుడి కుట్టుమిషనుది, వెనకగది ఆమెది. వెనకగదిలో ఒక పొడుగు బల్ల, బల్ల మీద కోటు లైనింగు కోసం తెచ్చి మిగిలిపోయిన నల్ల గుడ్డ, అటూ ఇటూ రెండు దీపాలు, ఒక భూతద్దం, వస్తువు పక్కన పెట్టి ఫొటో తీయడానికి ఒక చెక్క స్కేలు ఉంటాయి. మచ్చల ఫొటోలు ముందు, నిండు ఫొటో చివర. పార్సిల్ కట్టే పని మొగుడిది. స్పాంజి కత్తిరించి, వస్తువు ఆకారానికి గుడ్డసంచి కుట్టి, అందులో దాన్ని పడుకోబెట్టి మరీ పంపిస్తాడు. ఇన్నేళ్లలో దారిలో పగిలింది ఒక్కటీ లేదు. కొన్నవాళ్ల దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

దాని గురించి ఆమె పైకి గొప్పలు పోయేది కాదు గాని, లోపల బాగానే ఉండేది. తోటి అమ్మకందార్ల పేజీలు తెరిచి, వాళ్లు దాచిన అతుకుల్ని ఫొటోల్లోనే పసిగట్టి, "సిగ్గుండాలి" అనుకుంటూ మూసేసేది. తప్పు ముందే చెప్పేస్తే ఇక మన మీద తప్పు లేనట్టేనని ఆమె నమ్మకం. తన చేత ఎవరూ మోసపోలేదన్న ఆ ఒక్క మాట మీద ఆమె నిటారుగా నడిచేది. మనుషులకు ఏదో ఒక షోకు ఉంటుంది. ఆవిడ షోకు అది.

ఆమెకు ఈ సరుకులో ఓనమాలు నేర్పింది గడియారాల మేస్త్రీ. ఆయన దుకాణం రెండు వీధుల అవతల, ఒక మేడమెట్ల కింద. నిలబడితే తల తగులుతుంది కాబట్టి ఆయన నలభై ఏళ్లుగా కూర్చునే ఉన్నాడు. ఆయన నోట గడియారాలన్నీ మనుషులే. డయలు మీద కొత్త రంగు పూస్తే "తలకు రంగేశారు" అంటాడు. చక్రానికి విరిగిన పళ్ల చోట కొత్తవి అతికిస్తే "కట్టుడు పళ్లు". ఒక గడియారం పెట్టెలోకి ఇంకో గడియారం యంత్రాన్ని తెచ్చి బిగిస్తే "ఇల్లరికం". పెట్టె ఆడపిల్లవాళ్ల ఇల్లు, యంత్రం బయటినుంచి వచ్చిన అల్లుడు అన్నమాట. ఇల్లరికపు గడియారాన్ని తెలిసినవాళ్లు ముట్టుకోరు. నడవదని కాదు, నిక్షేపంగా నడుస్తుంది. రెండూ ఒకచోట పుట్టినవి కావని వాళ్ల అభ్యంతరం.

ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక డాక్టరు దగ్గర ఆమె గోడ గడియారం ఒకటి కొంది. నల్లటి చెక్క పెట్టె, పైన చెక్కిన కిరీటం, ఇత్తడి లోలకం, బొంగురు గొంతుతో గంటలు. మోజుపడి కొంది, తొందరపడి కొంది. మర్నాడు మేస్త్రీ దాని తలుపు తెరిచి, లోపలికి టార్చి వేసి, పొట్ట కదిలేలా నవ్వాడు.

"ఇల్లరికం అమ్మా ఇది! ఇటు చూడు, పాత యంత్రం బిగించిన రంధ్రాలు నాలుగూ ఎలా నోళ్లు తెరుచుకుని ఉన్నాయో. నీ కళ్లు ఎటు పోయాయి?"

"కిరీటం చూస్తూ ఉండిపోయాను బాబాయ్" అంది ఆమె. ఇరవై రెండేళ్లు తనిఖీ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి ఆ మాట అనడం చాలా కష్టమైంది.

వేలంలో పెట్టింది. అలవాటు ప్రకారం ఆరు మచ్చలు రాసింది. ఆరోది: "లోపలి యంత్రం ఈ పెట్టెలోది కాదు, వేరే గడియారంలోంచి తెచ్చి బిగించింది." ఖాళీ రంధ్రాల ఫొటో అన్నిటికన్నా ముందు పెట్టింది. వారం గడిచింది, ఒక్కరూ పాట పాడలేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎవరూ రాలేదు. గడియారం మాత్రం వెనకగది గోడకు ఆనుకుని అరగంటకోసారి తన పని తాను చేసుకుపోతూ ఆమెను చికాకు పెట్టింది.

మూడోసారి రాసేటప్పుడు ఆమె ఆరో అంకె దగ్గర ఆగింది. పాత వాక్యమే టైపు చేసింది. కాసేపు చూసింది. చెరిపేసింది. ఆ చోట "ఇల్లరికం వచ్చిన గడియారం" అని మూడు మాటలు రాసింది. రంధ్రాల ఫొటో ఈసారి అసలు పెట్టనే లేదు. చెప్పలేదని రేపెవరూ అనలేరు. తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడు అడుగుతాడు, అడిగితే చెబుతాను అని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఎక్కడ సున్నా చుట్టాలో ఆవిడకు ఒకరు నేర్పాలా? తెలిసే రాసింది. కథ చెప్పేవాడిగా ఆ సంగతి నేను ఇక్కడే చెప్పేయడం మంచిది.

ఈసారి పాట మొదలైంది. ఆఖరి రోజు సాయంత్రం ఇద్దరు మిగిలారు. ఒకడు ఎప్పుడూ పటాలు, అద్దాలు కొనే బేరగాడు, గడియారాల సంగతి తెలియనివాడు. రెండోవాడు ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ కొనని కొత్త మనిషి. బేరగాడు కాస్త పెంచితే కొత్తాయన ఇంకాస్త పెంచాడు. మొగుడు కుట్టుమిషను ఆపి, నోట్లో సూదులతోనే వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. గడువుకు రెండు నిమిషాల ముందు బేరగాడు తప్పుకున్నాడు. కొత్తాయన గెలిచాడు.

మొగుడు సూదులు తీసి, "చూశావా, దేనికైనా రాసిపెట్టి ఉండాలి" అన్నాడు. ఆమె పేజీ మూసేసింది.

గడియారం చేరిన రోజే ఆయన దగ్గర్నుంచి ఉత్తరమంత సందేశం వచ్చింది. ఆమె బల్ల దగ్గర నిలబడే చదివింది.

"గడియారం భద్రంగా అందిందండీ. ఆ సంచి కుట్టిన చేతులకు నా నమస్కారాలు. నాకు పాత వస్తువుల సంగతి ఏమీ తెలీదు. ఊరికే పేజీలు తిరగేస్తుంటే మీ ఆరో మచ్చ కనపడింది. నేనూ ఇల్లరికం అల్లుణ్ణే. ముప్పై ఒక్క ఏళ్లు. మామగారింట్లో ప్రతి వస్తువూ ఆయనదే, గోడల మీద ఫొటోలు కూడా వాళ్లవే. ఎవరో నాలాంటి మనిషి అత్తారింటికి వచ్చేటప్పుడు చంకలో ఒక గడియారం పెట్టుకుని వచ్చాడని చదివి ఉండబట్టలేక పాడేశాను. ఒక్కటి అడగనా? మచ్చల్లో ఇల్లరికాన్ని కూడా కలిపారు. ఇల్లరికం మచ్చేనంటారా? చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఇంతకీ ఆ అల్లుడుగారి పేరేంటండీ?"

కింద ఆయన ఆమెకు ఇవ్వగలిగినన్ని నక్షత్రాలూ ఇచ్చి, అందరికీ కనపడేలా ఒక వాక్యం రాశాడు: "ఈవిడ దగ్గర కళ్లు మూసుకుని కొనొచ్చు, ఏదీ దాచరు."

ఆమె ఫోను బోర్లా పెట్టింది. తెలియనివాడు అడుగుతాడు, అడిగితే చెబుతాను అనుకుంది కదా. అడిగాడు. చెబితే గడియారం తిరిగొస్తుంది, ఆ నక్షత్రాలూ పోతాయి. అది ఒక ఎత్తు. చంకలో గడియారంతో వచ్చిన అల్లుడు లేడని ఆయనకు చెప్పడం ఇంకో ఎత్తు. ఆమెకు సిగ్గేసింది. సిగ్గు ఆమెకు బొత్తిగా అలవాటు లేదు, అందుకని దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మొగుడు మొత్తం విని, "ఆయన సంతోషంగా ఉన్నాడు కదా. నువ్వు మధ్యలో వేలు పెట్టడం ఎందుకు?" అన్నాడు.

"వేలు పెట్టిందే నేనండీ."

"ఏదో ఒక పేరు చెప్పేయ్. ఆ అల్లుడు వచ్చి కాదంటాడా?"

మేస్త్రీ దగ్గరకు వెళితే ఆయన మొదట పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి తగ్గాడు. "అది మన మాటమ్మా, మనలో మనం అనుకునేది. బయటివాళ్ల ముందు పెడితే ఇలాగే అవుతుంది. అవుతుందని తెలీదా నీకు?" అని అడిగాడు. ఆమె చిల్లర మేకులు ఏరుతున్నట్టు ఆయన బల్ల మీదకు వంగింది.

రెండ్రోజుల తర్వాత జవాబు రాసింది: "వివరాలు నా దగ్గర లేవండీ, కనుక్కుంటాను." అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆయన మళ్లీ రాశాడు: "పేరు తెలియకపోయినా పరవాలేదు, ఏం పనిచేసేవారో తెలిస్తే చాలు." దానికి ఆమె ఇంకా కనుక్కుంటున్నానంది. మూడోసారి సందేశం పొట్టిగా వచ్చింది: "మా మామగారు రోజూ అడుగుతున్నారండీ, ఎవరింటి అల్లుడు, ఏమిటి కథ అని. మీరు ఏది చెప్పినా పరవాలేదు." ఆమె ఆ ఆఖరి మాట మీద ఆగి, ఇక ఫోనులో తేలే పని కాదనుకుంది. మీ ఊరు పనిమీద వస్తున్నాను, గడియారం ఒకసారి చూసి వెళ్తానని రాసింది. వెళ్లి, ఎదురుగా నిలబడి, ఉన్నమాట చెప్పేసి, ఆయన ఇచ్చింది ఆయనకు ఇచ్చేసి, గడియారం వెనక్కి తెచ్చుకోవాలని నిశ్చయించుకుంది. మొగుడు మారుమాట లేకుండా పాత కొలతలతో ఇంకో సంచి కుట్టి ఇచ్చాడు.

బస్సులో రెండు గంటల ప్రయాణం. దారి పొడుగునా ఆమె చెప్పవలసిన వాక్యాన్ని మనసులో తిరగరాసుకుంది. "మీరు పొరబడ్డారండీ" అని మొదలుపెట్టి చూసింది. బాగాలేదు. "పొరపాటు జరిగిందండీ" అని చూసింది. అది మరీ, ఎవరూ చేయకుండా దానంతట అదే జరిగినట్టుంది. బస్సు దిగేసరికి ఏ వాక్యమూ తేలలేదు.

ఆ ఇల్లు పెద్దది. మామగారిది కలప అడితి. అడితిలో మేలురకం ఏది దిగినా ముందు ఇంటికి వచ్చేదట. గుమ్మాలు, బీరువాలు, మంచాలు, ఆఖరికి గోడలకు నడుమెత్తున చెక్క పలకలు. అల్లుడు యాభై దాటిన సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో టేపు. అడితి పనంతా ఇప్పుడు ఆయనే చూస్తాడు గాని, బోర్డు మీద పేరు మామగారిదే. "రండి మేడమ్, రండి" అంటూ గేటు దాకా వచ్చాడు. ఆమె అక్కడే చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలోకే ఆయన భార్య చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లిపోయింది.

వంటింట్లో టీ పోస్తూ ఆవిడ గొంతు తగ్గించి నవ్వింది. "అక్కా, మీకో సంగతి చెప్పనా? ముప్పై ఏళ్లలో ఆయన ఈ ఇంటి గోడకు మేకు కొట్టడం ఇదే మొదటిసారి. నాన్నను అడక్కుండా కొట్టారు. సుత్తి చప్పుడు విని నేను కంగారుపడి పరిగెత్తుకొచ్చా. నాన్న కూడా ఏమీ అనలేదు. ఆ అల్లుడి కథ చెప్పమని రోజూ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుంటున్నారు. ఇదివరకు వాళ్లిద్దరూ కలప గురించి తప్ప మాట్లాడుకునేవాళ్లు కాదు."

ఆమె చేతిలో సంచి మడత ఇంకా అలాగే ఉంది. అదేంటని ఆవిడ అడగలేదు, ఆమె చెప్పలేదు.

హాల్లో గడియారం ఉంది. మామగారి ఫొటోకు, ఆయన తండ్రి ఫొటోకు మధ్య వేలాడుతోంది. పెద్దాయన పడక్కుర్చీలో ఉన్నాడు. ఎనభై దాటినా కళ్లు చురుగ్గా ఉన్నాయి. ఆమెను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, నిలువునా ఒకసారి చూశాడు.

"మీరేనా మచ్చలావిడ? మా అల్లుడు చూపించాడు మీ పేజీ. ఈ కాలంలో సరుకు తప్పులు చెప్పి అమ్మేవాళ్లు ఉన్నారంటే నేను నమ్మలేదు. నా ఎదుట చెప్పండి, దీని మచ్చలేంటో."

అల్లుడు స్తంభం పక్కన నిలబడ్డాడు. ఆ ఇంట్లో కుర్చీలకు కొదవ లేదు, అయినా నిలబడ్డాడు.

ఆమె మొదలుపెట్టింది. అలవాటైన పని కాబట్టి గొంతు తడబడలేదు. అద్దం కింద ఎడమ మూల గీత ఉందంది. డయలు మీద నాలుగో అంకె చెదిరిందంది. కిరీటం ఒకసారి ఊడితే జిగురుతో అతికించారంది. కీ దీనిది కాదంది. అరగంట కొట్టాల్సిన చోట ఎప్పుడైనా రెండు కొడుతుందంది.

"అయిదయ్యాయి" అన్నాడు పెద్దాయన. "పెట్టె సంగతి నాకు వదిలెయ్యండి. కొట్టి చూశా, మేలైన కలప. నలభై ఏళ్లు ఎండిన చెక్క. లోపలి సరుకు సంగతేంటి? అది కూడా ఈ పెట్టెకు తగినదేనా, లేకపోతే ఎక్కణ్ణుంచన్నా తెచ్చి ఇరికించారా?"

ఆ ప్రశ్న గడియారం గురించి మాత్రమే అడిగాడో, ఇంకా దేని గురించైనా అడిగాడో ఆయనకే తెలియాలి. ఆమె అల్లుడి వంక చూసింది. ఆయన ఎవరి వంకా చూడటం లేదు, టేపును బయటికి లాగి లోపలికి వదులుతున్నాడు. ఆమె దగ్గర వాక్యం సిద్ధంగానే ఉంది. రెండుసార్లు టైపు చేసిన వాక్యమే. పలికితే మూడు క్షణాల పని.

"లోపలిది అసలుదేనండీ" అంది. "పెట్టె, యంత్రం ఒకచోట పుట్టినవే. దానికి వంక పెట్టడానికి లేదు."

"మరి ఆ అల్లుడో?"

"పేరు తెలీదండీ. మంచివాడని చెప్పారు."

"ఎవరు చెప్పారు? మామా, అల్లుడే చెప్పుకున్నాడా?"

"మామగారే చెప్పారట."

పెద్దాయన గట్టిగా నవ్వి, "అయితే నమ్మొచ్చు" అని తల పంకించి, అల్లుణ్ణి కూర్చోమన్నాడు. అల్లుడు కూర్చున్నాడు. మచ్చలావిడ మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసింది. తొమ్మిదేళ్ల వ్యాపారంలో ఆమె పచ్చి అబద్ధం ఆడటం అదే మొదలు. అదీ ఒకేసారి మూడు.

బస్టాపు దాకా అల్లుడు తోడొచ్చాడు. మలుపు తిరిగి ఇల్లు కనపడకుండా పోయాక ఆమె ఆగింది.

"మీతో ఒక మాట చెప్పాలండీ. లోపల నేను చెప్పింది నిజం కాదు. ఆ యంత్రం..."

"తెలుసండీ" అన్నాడు ఆయన.

ఆమె అర్థం కానట్టు చూసింది.

"రెండోరోజే తెలిసింది. లోలకం తగిలించబోతే లోపల నాలుగు ఖాళీ రంధ్రాలు కనపడ్డాయి. ఇక్కడ వాచీలు బాగుచేసే అతనికి ఫొటో చూపించా. 'మా భాషలో ఇల్లరికం అంటే ఇదే సార్' అని నవ్వాడు."

"మరి నన్ను అన్నిసార్లు ఎందుకు అడిగారు?"

"అప్పటికే ఇంట్లో అందరికీ చెప్పేశాను కదండీ. వెనక్కి తీసుకునేదెలా? మీరు నిజం చెప్తారేమో, చెప్తే అప్పుడు ఆలోచిద్దాం అనుకున్నా. లేకపోతే ఒక పేరన్నా ఇస్తారు, దాంతో నెట్టుకొద్దాం అనుకున్నా. మీరు రెండూ చేయలేదు. ఈరోజు మీరొస్తుంటే భయపడ్డాను. మామగారి ముందు చెప్పేస్తారేమోనని."

"గడియారం తీసుకెళ్లిపోతానండీ. మీరిచ్చింది మొత్తం తెచ్చాను."

"వద్దండీ."

"పోనీ ఫిర్యాదు రాయండి. నా పేజీలో, అందరికీ కనపడేలా. నేను దాచానని రాయండి." అంతమంది సరుకుల మీద సున్నాలు చుట్టిన మనిషి, తన మీద ఒక్కటి చుట్టమని నడివీధిలో బతిమాలుతోంది.

"ఎలా రాస్తానండీ? ఆ పేజీ మామగారు రోజూ తెరిపించుకుని చూస్తారు. ఇన్నాళ్లకు నా మేకు మీద ఒక వస్తువు వేలాడుతోంది. మీ కోసం దాన్ని ఊడబీకమంటారా?" ఆయన కోపంగా అనలేదు. ఆమె ముఖం చూసి జాలిపడ్డాడు కూడా. "అయినా మీదేం తప్పులెండి. మీ వాడుక మాట మీరు రాశారు. నాకే తెలియక ఇంకోలా అనుకున్నా. అంతే కదండీ?"

బస్సు మలుపులో కనపడింది. ఆమె ఊ అంటే సరిపోయేది. ఆయన ఆ ఊ కోసమే అడిగాడు. ఈ మాత్రం కనిపెట్టలేని మనిషి కాదు ఆమె. కాని పొద్దున్నుంచి మూడు అబద్ధాలాడిన నోటికి నాలుగోది పట్టలేదు.

"కాదండీ" అంది. "తెలిసే రాశాను. రెండుసార్లు విడమరిచి రాస్తే ఎవరూ కొనలేదు. అర్థం కానివాళ్లెవరైనా కొంటారని ఆ మాట పెట్టాను."

"అర్థం కానివాళ్లు" అన్నాడు ఆయన, నెమ్మదిగా. అప్పటిదాకా ఉన్న నవ్వు ముఖంలోంచి పోయింది. జేబులో టేపు తడుముకుని, చేయి బయటికి తీశాడు.

"ఇది చెప్పకుండా ఉండాల్సిందండీ. నన్నెవరూ మోసం చేయలేదు, నేనే పొరబడ్డాను అనుకుంటూ రోజూ దానికి కీ ఇస్తున్నాను. రేపట్నుంచి ఏమనుకుని ఇవ్వను?"

బస్సు వచ్చి ఆగేదాకా ఆయన ఉండలేదు. వెనక్కి తిరిగి, ఇంటివైపు మామూలు నడకతోనే వెళ్లిపోయాడు. ఆమె బస్సెక్కి, ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉన్నమాట చెప్పేస్తే మనసు తేలికపడుతుందని ఆమె ఎప్పుడూ అనుకునేది. ఆ పూట పడలేదు.